చెంబును మెచ్చిన దంపతులు

ఇద్దరు కలసి కల్పించిన వస్తువును ఒక్కరి పేర వ్రాయుట న్యాయమా? అమెరికా దేశీయులగు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతుల కథ విని మీరే నిర్ణయింపుడు.

చార్లెస్ వాస్తుశిల్పి, రే చిత్రకారిణి. 1941లో వివాహమాడి, లాస్ ఏంజిలిస్ నగరమున కాపురమున్న యింటనే యంత్రమొకటి అమర్చుకొనిరి. పలుచని చెక్కపొరలను జిగురుతో అంటించి, వేడిమిచేతను ఒత్తిడిచేతను వంచు విధానమును సాధించిరి. ఆ విద్యతోనే 1942లో అమెరికా నౌకాదళమునకు, కాలు విరిగినవారికై కట్టుబద్దలు రూపొందించిరి. పిదప దేహమున కొదిగెడి కుర్చీలను చేసిరి. అయినను 1946లో న్యూయార్కు ఆధునిక కళాప్రదర్శనశాల ఆ కుర్చీలను చూపినప్పుడు శీర్షికలో చార్లెస్ పేరొక్కటే యుండెను.

1958లో మన ప్రభుత్వము పిలువగా వచ్చి, ఇరువురి పేరను ఒక నివేదిక సమర్పించిరి. అందు వారు మిక్కిలి మెచ్చినది మన చెంబు! తలపైనను చంకనను అది యెట్లమరును? నిండుగా నున్నను వట్టిదైనను ఎట్లు నిలుచును? నీరు వంపుట కెంత అనువు? వెల యెంత? ఇట్లు విచారించి, దానిని ఏ యొక్కరును కల్పింపలేదనియు, తరతరములవారు తీర్చిదిద్దిరనియు చెప్పిరి. ఆ నివేదిక ఫలముగా 1961లో అహమ్మదాబాదున జాతీయ డిజైను సంస్థ వెలసెను.

1978 ఆగస్టు 21న చార్లెస్, సరిగా పదేండ్లకు అదే తేదీన రే గతించిరి.

చెంబును తీర్చినవారి పేర్లు మనకు దక్కలేదు. కాని కండెలు చుట్టి మగ్గమునకు నూలందించు ఇల్లాలిని మన మెరుగుదుము. చీరను మెచ్చునప్పుడు ఆమెనుగూడ పేర్కొనుట ధర్మమని నా మనవి.