రక్తప్రవాహాన్ని కొలిచిన రంగు

చోడవరం పరిసరాలు చెరకుకు, బెల్లానికి పేరుగాంచినవి. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలోను, ఆ తరువాత అనకాపల్లి జిల్లాలోను భాగమైన ఈ ప్రాంతంలో చెరకుతోటకు నీరు పారించే కాలువను ఊహించుకుందాం. అందులో తెలిసిన పరిమాణంలో రంగు కలిపి దిగువన పరిశీలిస్తే, అది పలచబడిన తీరును బట్టి ఎంత నీరు పారుతున్నదో లెక్కించవచ్చు. నీరు అధికమైతే రంగు పలచబడుతుంది. స్వల్పమైతే చిక్కగా ఉంటుంది. మానవ శరీరంలోని రక్తప్రవాహాన్ని కొలవడానికి శాస్త్రజ్ఞులు అనుసరించిన సూత్రం కూడా ఇదే.

విశ్రాంతిగా ఉన్న పెద్దవారి హృదయం నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. ఈ పరిమాణం బాగా తగ్గితే మెదడు, మూత్రపిండాలు వంటి అవయవాలు దెబ్బతింటాయి. కేవలం నాడిని, రక్తపోటును పరీక్షించినంత మాత్రాన ఎంత తగ్గిందో కచ్చితంగా తెలియదు. ప్రవాహాన్ని ఆపకుండా, హృదయాన్ని తాకకుండా దానిని కొలవడమే వైద్యుల ముందున్న సమస్య.

జార్జ్ స్టీవర్ట్ 1897లో ప్రకటించిన ప్రయోగాలలో ఉప్పు ద్రావణాన్ని ఉపయోగించాడు. 1930 ప్రాంతంలో విలియం హామిల్టన్, అతని సహచరులు రంజకద్రవ్యాలతో ఈ పద్ధతిని మానవులకు అన్వయించారు. రంగును సిరలోకి ఎక్కించి, ధమనీ రక్తంలో దాని గాఢత క్షణక్షణం ఎలా మారుతున్నదో వక్రరేఖగా గీస్తారు. ఉదాహరణకు 5 మిల్లీగ్రాముల రంగు 20 సెకన్ల పాటు లీటరుకు సగటున 3 మిల్లీగ్రాముల చొప్పున కనిపించిందనుకుందాం. అంత రంగును మోయడానికి సుమారు 1.67 లీటర్ల రక్తం కావాలి. 20 సెకన్లలో అంత రక్తం పారిందంటే నిమిషానికి 5 లీటర్లు పారుతున్నట్లు. అయితే ఒకసారి సాగిపోయిన రంగు శరీరంలో తిరిగి మళ్లీ వస్తుంది. మొదటి విడత రంగు తరిగే తీరును బట్టి వక్రరేఖను పొడిగించి హామిల్టన్ ఈ చిక్కును తొలగించాడు.

1957లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు ఇండోసయనిన్ గ్రీన్ అనే రంజకద్రవ్యం ఈ పనికి అనువైనదని చూపారు. ఇది సుమారు 800 నానోమీటర్ల కాంతిని బాగా పీల్చుకుంటుంది. ఆ కాంతిని ఆక్సిజన్ ఉన్న రక్తం, లేని రక్తం దాదాపు సమానంగా పీల్చుకుంటాయి. అందువల్ల ఆక్సిజన్ హెచ్చుతగ్గులు రంగు కొలతకు అడ్డురావు. కొలత ముగిశాక కాలేయం ఈ రంగును రక్తం నుండి తొలగిస్తుంది.

ధమని నుండి రక్తం తీయవలసిన అవసరం మాత్రం మిగిలే ఉంది. జపాన్‌లోని నిహాన్ కోడెన్ సంస్థలో ఇంజనీరైన టకువో అవోయాగి 1970 దశకం ఆరంభంలో చెవికి తొడిగిన కాంతి సంవేదకంతోనే రంగు వక్రరేఖను గీయాలని యత్నించాడు. కాని గుండె కొట్టుకున్నప్పుడల్లా వక్రరేఖపై అలలు లేచేవి. వాటిని చెరిపివేయడానికి అతడు రెండు తరంగదైర్ఘ్యాల కాంతిని వాడి, ఒకదానితో మరొకదానిని సరితూచాడు. రక్తంలో ఆక్సిజన్ తగ్గినప్పుడు ఆ సమతూకం చెడిపోవడం గమనించాడు. అడ్డంకిగా తోచిన అలలే ధమనీ రక్తంలోని ఆక్సిజన్‌ను తెలుపుతున్నాయని గ్రహించి, 1974లో ఆ సూత్రాన్ని ప్రకటించాడు. అదే పల్స్ ఆక్సీమీటరుకు పునాది.

2020, 2021 సంవత్సరాలలో కరోనా వ్యాపించినప్పుడు వేలికి తొడిగే ఈ చిన్న పరికరం సామాన్యుల ఇళ్లలోకీ వచ్చింది. ఆయాసం తెలియకముందే ఆక్సిజన్ తగ్గిన రోగులను గుర్తించి, సకాలంలో ఆసుపత్రికి చేర్చడానికి తోడ్పడింది. రక్తప్రవాహాన్ని కొలవబోయిన ప్రయత్నంలో ఎదురైన ఆటంకాన్ని పక్కకు నెట్టక, దాని కారణాన్ని పరిశీలించడం వల్లనే ఈ మేలు చేకూరింది.