ఫ్లోరైడు నీరు - తాండా ఆరోగ్యం

అనంతపురం పీఠభూమి మన దేశంలో మిక్కిలి తక్కువ వాన పడే ప్రాంతాలలో ఒకటి. ఇక్కడి సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. నైరృతి ఋతుపవనాలు తెచ్చే తేమలో అధికభాగం పడమటి కనుమల మీదనే కురిసిపోతుంది. ఈశాన్య ఋతుపవనాలు తూర్పు తీరాన్ని తడిపి, ఇంత దూరం వచ్చేసరికి బలహీనమవుతాయి. పైన నీరు లేనప్పుడు మనిషి భూమిని తవ్వుతాడు. చేదబావులు ఎండినకొద్దీ బోరుబావులు వందల అడుగుల లోతుకు దిగినవి. ఆ నీటితోపాటు కంటికి కనబడని పదార్థం ఒకటి పైకి వచ్చినది. అదే ఫ్లోరైడు.

ఈ నేల అడుగున ఉన్నవి గ్రానైటు, నైసు శిలలు. వీనిలోని ఫ్లోరైటు, ఎపటైటు మొదలైన ఖనిజాలలో ఫ్లోరిన్ ఉంటుంది. రాతి పగుళ్లలో చాలాకాలం నిలిచిన నీటిలోకి అది కొంచెం కొంచెంగా కరుగుతుంది. నీటిలో కాల్షియం బాగా ఉంటే ఫ్లోరైడు దానితో కలిసి గట్టిపదార్థంగా విడిపోతుంది. క్షారగుణం హెచ్చి, కాల్షియం తగ్గిన నీటిలో అట్లా జరగదు. ఫ్లోరైడు నీటిలోనే ఉండిపోతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నీటిని కాచినంత మాత్రాన పోదు.

మన దేశపు ప్రమాణం ప్రకారం తాగేనీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు. వేరే నీరు దొరకనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే ఫ్లోరోసిస్ అనే జబ్బు కలుగుతుంది. పసితనంలో, పళ్లు చిగుళ్లలో రూపొందే దశలో, వాటిమీద తెల్లని, గోధుమరంగు మచ్చలు ఏర్పడతాయి. పెద్దయిన తరువాత ఎముకల వంతు వస్తుంది. కీళ్లు బిగుసుకొనిపోయి, వెన్ను వంచలేని స్థితి కలుగుతుంది. ఈ జబ్బును మన దేశంలో వైద్యులు మొదట వివరించినది తెలుగునేల మీదనే: 1937లో, నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో.

ఇప్పుడొక ప్రశ్న. జబ్బు రాతినుండి వచ్చేదైతే, ఆ రాతిమీద నివసించే వారందరికీ సమానంగా రావలెను గదా! కాని అట్లా రాదు. ఎందుకు రాదో తెలుసుకొనుటకు సుగాలీల తాండాలను పరిశీలిద్దాము.

సుగాలీలనే లంబాడీలనీ, బంజారాలనీ అంటారు. వారి ఇంటిభాష గోర్‌బోలి. అది రాజస్థానీ భాషలకు దగ్గరిది, సొంత లిపి లేనిది. వారు కొలిచే సేవాలాల్ మహారాజ్ 18వ శతాబ్దంలో గుత్తి సమీపంలోనే జన్మించినాడని వారి నమ్మకం. పూర్వం వీరు ఎద్దుల బిడారులతో ఉప్పు, ధాన్యం దేశమంతటా చేరవేసేవారు. మద్రాసు, బొంబాయిలను కలిపే రైలుమార్గం 1871లో గుత్తి, గుంతకల్లుల మీదుగా పూర్తి అయినది. రైళ్లు, మంచిబాటలు వచ్చినకొద్దీ బిడారుల వర్తకం పడిపోయినది. ఇట్లా స్థిరపడినవారికి మిగిలినవి చాలాచోట్ల కొండపాదాలు, గరప నేలలు. 1956లో ఆంధ్ర ప్రాంతంలో వారిని షెడ్యూల్డు తెగలలో చేర్చినారు. 2011 జనాభా లెక్కలలో నాటి అనంతపురం జిల్లాలో షెడ్యూల్డు తెగలవారు నూటికి నలుగురికన్న తక్కువ. వారిలో అధికులు సుగాలీలే.

శరీర నిర్మాణంలో సుగాలీకి, ఊరి రైతుకు ఏ భేదమూ లేదు. ఫ్లోరైడు కులం చూడదు. అయినా అది శరీరంలో చేసే హాని మూడు విషయాలనుబట్టి ఉంటుంది.

మొదటిది, ఎంత నీరు తాగుతారన్నది. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల నీరు ఉన్నదనుకొందాము. నీడపట్టున కూర్చొని రోజుకు రెండు లీటర్లు తాగేవానికి చేరేది 4 మిల్లీగ్రాములు. వేసవిలో మట్టి మోసి, రాళ్లు కొట్టి, ఐదు లీటర్లు తాగే కూలికి చేరేది 10 మిల్లీగ్రాములు. నీరు ఒకటే, మోతాదు రెండున్నర రెట్లు. కూలిపని మీద బ్రతికే ఇంటికి ఈ హెచ్చు మోతాదు రోజూ తప్పదు.

రెండవది, ఏమి తింటారన్నది. ఆహారంలో కాల్షియం ఉంటే అది ప్రేగులలోనే ఫ్లోరైడును కొంతవరకు పట్టి, రక్తంలోకి పోకుండా ఆపుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో నల్లగొండ ప్రాంతపు యువజనులలో మోకాళ్లు లోపలికి వంగిపోయే వికృతిని వర్ణించినారు. ఫ్లోరైడుకు పోషకాహారలోపం తోడైతే హాని తీవ్రమవుతుందని తరువాతి పరిశోధనలు చూపినవి. రాయలసీమ పాతభోజనమైన రాగిసంగటి ఈ విషయంలో గొప్ప రక్షణ. 100 గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. పాలిషు పట్టిన బియ్యంలో పదికి మించదు. కాని మెట్టచేలలో చిరుధాన్యాల స్థానాన్ని వేరుసెనగ ఆక్రమించినది. 1983 నుండి కిలో రెండురూపాయల బియ్యం వచ్చి పేదల ఆకలి తీర్చినది. అదే సమయంలో పళ్లెంలో రాగి తగ్గిపోయినది. పాలు కొనగల ఇంటికి ఆ నష్టం పూడుతుంది. కొనలేని ఇంటికి పూడదు.

మూడవది, నీరు ఎక్కడినుండి వస్తుందన్నది. తుంగభద్ర వంటి నదుల నీటిలో ఫ్లోరైడు తక్కువ. 1994లో ప్రకటించి త్వరితంగా నిర్మించిన శ్రీ సత్యసాయి తాగునీటి పథకం జిల్లాలో 700కు పైగా గ్రామాలకు మంచినీరు అందించుటకు ఉద్దేశించినది. దీనివలన కలిగిన మేలు చాలా గొప్పది. అయితే గొట్టం ఎంత పొడవైతే చివరికి చేరే ఒత్తిడి అంత తగ్గుతుంది. ఊరికి మైలు, రెండు మైళ్ల దూరంలో, గొట్టం కొనన ఉన్న తాండాకు మొదట నీరు ఆగిపోతుంది. ఆగిన రోజున తాండావాసులు మళ్లీ బోరు చేతిపంపు దగ్గరకే పోవలెను.

వైద్యం విషయంలోనూ ఇట్లాగే జరుగుతుంది. మైదానాలలో 5,000 మందికి ఒక ఆరోగ్య ఉపకేంద్రం, కొండ, గిరిజన ప్రాంతాలలో 3,000 మందికి ఒకటి ఉండవలెనని నియమం. కాని అనంతపురంలో రాజ్యాంగపు ఐదవ షెడ్యూలు కిందికి వచ్చే ప్రాంతమేదీ లేదు. తెగ గిరిజన తెగయే; నేల మాత్రం మైదానం. వానలు తప్పిన ఏట తల్లిదండ్రులు పనికై బెంగుళూరు పోతే, వెంటపోయిన పిల్లలకు అంగన్‌వాడీ భోజనం, టీకాల వరుస తప్పిపోతాయి. ఆరోగ్యబోధ తెలుగులో సాగితే గోర్‌బోలి మాత్రమే బాగా తెలిసిన అవ్వకు అది సగమే చేరుతుంది.

దేశమంతటి లెక్కలు చూచినా ఈ అంతరం స్పష్టం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, పుట్టిన ప్రతి వేయిమందిలో ఐదేళ్లు నిండకముందే చనిపోయేవారు మొత్తంమీద 42 మంది. షెడ్యూల్డు తెగలలో 50 మంది. వయసుకు తగిన ఎత్తు ఎదగని పిల్లలు మొత్తంమీద నూటికి 36. ఈ తెగలలో 41. ఇది మన దేశానికే ప్రత్యేకం కాదు. అమెరికాలో నవాహో తెగవారి నేలలో 1944 నుండి 1986 వరకు యురేనియం తవ్వినారు. మూతబడిన గనులు 500కు పైగా మిగిలినవి. గొట్టపునీరు లేని ఇళ్లవారు కలుషితమైన బావులమీద ఆధారపడవలసివచ్చినది. ఖనిజం వేరు, న్యాయం ఒకటే: నేలలోని దోషం అందరికీ ఉన్నా, తప్పించుకొనే దారి కొందరికే ఉంటుంది.

కాబట్టి చేయవలసిన పనులు కూడా స్పష్టమే. నీటి పరీక్ష పంచాయతీకి ఒకటిగా గాక ప్రతి తాండాలోని ప్రతి బోరుకూ జరగవలెను. ఊరి మంచి కుళాయి, తాండా చెడ్డ బోరు కలిపి సగటు తీస్తే దోషం కాగితం మీద మాయమవుతుంది, ఎముకలలో కాదు. పథకపు నీరు అందినదా అని చూడవలసినది గొట్టం మొదట గాక చివర. చౌకదుకాణంలో బియ్యంతోపాటు రాగులు, బడి భోజనంలో పాలు, గ్రుడ్లు ఉండవలెను. ఆరోగ్య కార్యకర్త గోర్‌బోలి తెలిసినదైతే మరీ మంచిది.

పళ్ల మచ్చలు ఒకసారి ఏర్పడితే చెరగవు. వంగిన ఎముకను మందు సరిచేయలేదు. వచ్చినతరువాత పోని జబ్బును రాకముందే ఆపవలెను. ఈ ఏడు తాండాలో పుట్టిన బిడ్డకు పళ్లు రూపొందుటకు ఇంకా కొద్ది సంవత్సరాల వ్యవధి మాత్రమే ఉన్నది. ఆ లోపల మంచినీరు ఆ చివరి కుళాయికి చేరవలెను.