మనిషి వెళ్లలేని చోట కొలతలు ఎలా తీస్తారు?

2011 మార్చిలో సునామీ తర్వాత జపాన్‌లోని ఫుకుషిమా దాయిచి అణు విద్యుత్ కేంద్రంలో మూడు రియాక్టర్లలోని ఇంధనం కరిగి, చుట్టూ ఉన్న ఇనుముతో కలిసి గడ్డకట్టింది. ఆ శిథిలాలు సుమారు 880 టన్నులని అంచనా. వాటిని బయటికి తీయాలంటే అవి గట్టివో, పొడిగా రాలిపోయేవో ముందే తెలియాలి. దగ్గరికెళ్లి చూద్దామంటే రేడియేషన్ ప్రాణాలు తీస్తుంది.

అందుకే 2019 ఫిబ్రవరిలో రెండో రియాక్టర్‌లోకి పొడవాటి గొట్టంతో ఒక పరికరాన్ని దించారు. దానికి కెమెరా, ఉష్ణోగ్రతనూ రేడియేషన్‌నూ కొలిచే మీటర్లు, పట్టుకునే రెండు ‘వేళ్లు’ ఉన్నాయి. గులకరాళ్లలాంటి ముక్కల్ని అది పట్టి ఎత్తగలిగింది. కొన్నిచోట్ల మాత్రం శిథిలం కదల్లేదు. అంటే అక్కడ కోసే పనిముట్లు కావాలన్నమాట! ఎంత విలువైన సమాచారమో చూడండి.

ఆ శిథిలాల నుంచి 2024 నవంబరులో బయటికి తెచ్చిన తొలి నమూనా బరువు సుమారు 0.7 గ్రాములు.