డాగు పడ్డ గూళ్లు

పురుగుల షెడ్డు వాకిట్లో మా అవ్వ కాపలా కూర్చునేది. బీడీ కాల్చినోళ్లనీ పౌడరు పూసుకున్నోళ్లనీ గడప దాటనిచ్చేది కాదు. పెళ్లిచూపుల రోజు ముస్తాబై ఆకు వేయడానికి వచ్చిన మేనత్తను కూడా మొహం కడుక్కుని రమ్మంది. "సంబంధం పోతే ఇంకోటొస్తుంది, పురుగు పోతే పంటే పోయె" అని ఆమె లెక్క. పొగాకులోని నికోటిన్ పట్టుపురుగుకు విషమని నేను తర్వాత పుస్తకంలో చదివాను. అవ్వ ఏ పుస్తకమూ చదవలేదు.

గుడుపల్లె మండలంలో మాలాంటి ఇళ్లు చాలానే. చేలో మైసూరు పరిశోధన సంస్థ ఇచ్చిన వి-1 మల్బరీ, ఇంటి పక్కన షెడ్డు. పురుగుకు నాలుగు జ్వరాలు వస్తాయి. జ్వరమంటే రోగం కాదు, మేత మానేసి పాత చర్మం విడిచే నిద్ర. నాలుగోది దాటిందంటే ఇంట్లో మనుషులకు తిండీ నిద్రా ఉండవు, ఆకు మోయడమే పని. పాతిక రోజుల్లో పదివేల రెట్లు బరువెక్కిన పురుగు చంద్రిక అనే తట్ట మీదికెక్కి గూడు కడుతుంది. మంచి తెల్లగూడు విప్పితే కిలోమీటరు దాకా పోగు వస్తుంది.

ఇక్కడ కొంచెం లెక్క చెప్పాలి. కిలో గూళ్లకు ఇరవై కిలోల దాకా ఆకు కావాలి. కిలో పచ్చి పట్టు తీయాలంటే ఆరేడు కిలోల గూళ్లు పడతాయి. ఆ పచ్చి పోగులో లోపల ఉండేది ఫైబ్రాయిన్ అనే మాంసకృత్తు, పైపూత సెరిసిన్ అనే బంక. సబ్బు, సోడా వేసి ఉడికించి బంక తీస్తేగానీ పట్టుకు మెరుపు రాదు. అప్పుడు నాలుగో వంతు తరిగిపోతుంది. నూట నలభై కిలోల ఆకు తెంపితే చీరలోకి చేరేది ముప్పావు కిలో.

2014లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు మన దేశపు పట్టు మీద ఇలాంటి లెక్కే వేశారు. ఎరువులు, నీళ్లు, దారం తీసే చోట కాల్చే కట్టెలు అన్నీ కలుపుకుంటే, కిలోకు పడే పర్యావరణ భారం మిగతా సహజ పోగులకంటే పట్టుకే ఎక్కువని తేలింది. చదివినప్పుడు ఒళ్లు మండింది. బోరు ఎండితే ఇంకో బోరు వేసే ఊరిదాన్ని కదా, కాసేపటికి కోపం చల్లారింది. లెక్క నిజమే. ఆ భారమంతా చీర ఒక్కటే మోయాలా అన్నదే నా ప్రశ్న. గూటి లోపల ఉడికిన ప్యూపాలో, అంటే గూడు కట్టుకున్న పురుగులో, నూనె, మాంసకృత్తులు దండిగా ఉంటాయి, కొరియాలో వీధి బండ్ల మీద అమ్మితే కొనుక్కుని తింటారు. సెరిసిన్ సౌందర్య సాధనాల్లోకి పోతోంది. మన దగ్గర చాలాచోట్ల ఆ బంకనీళ్లు కాలవలోకే.

నన్ను పట్టుకుని వదలనిది మాత్రం స్ట్రాబెర్రీ కథ. 2016లో అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు ఫైబ్రాయిన్‌ను నీళ్లలో కలిపి స్ట్రాబెర్రీలను అందులో ముంచారు. కంటికి కనిపించని పొర పట్టింది. ఫ్రిజ్జు లేకుండా మామూలు గదిలోనే వారం దాకా పండ్లు మెత్తబడలేదు. అరటిపండ్ల మీదా పనిచేసింది. ఆ పొరను తినేయొచ్చు.

చదవగానే నాకు మదనపల్లె టమోటా మార్కెట్టు గుర్తొచ్చింది. ధర పడిన రోజున టమోటా రోడ్డు పక్కన గుట్టలు పోసి పోవడం మా వైపు కొత్త కాదు. పూతకు దారం పొడవు అక్కర్లేదు, ఎలాగూ కరిగించేదే. అంటే డాగు పడ్డ గూళ్లు, రెండు పురుగులు కలిసి కట్టిన జంట గూళ్లు, చిల్లిపడ్డవి, కొనేవాళ్లు అడిగిన ధరకిచ్చి మేము దులిపేసుకునేవన్నీ పనికొస్తాయి. చిక్కు ఒకటుంది. కరిగించడానికి ల్యాబుల్లో వాడే లిథియం బ్రోమైడ్ అనే ఉప్పు చౌకది కాదు. స్ట్రాబెర్రీకి గిట్టే ఖర్చు టమోటాకు గిట్టకపోవచ్చు. ఆ కరిగించే పనిని చౌకగా చేయడమే అసలు పరిశోధన. కొత్త చీర డిజైన్లకంటే అదే ముందు జరగాలని నా అభిప్రాయం.

హిందూపురం దగ్గర కిరికెరలో మన పట్టు పరిశోధన సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలకు ఒక మనవి: ఒక్క బుట్ట మదనపల్లె టమోటాతో మొదలుపెట్టండి. డాగు గూళ్లు మేమిస్తాం.