గుడ్డపీలికల వ్యాపారం – స్త్రీల లెక్కపుస్తకం

అన్నవస్త్రాలను జంటగా చెప్పుకొనుట మన వాడుక. ఐనను అన్నం పారవేయుటకు వెనుదీసే చేయి గుడ్డను పారవేయుటకు వెనుదీయుట లేదు. చవకగా కొని, నాలుగుసార్లు తొడిగి, మూలకు విసిరివేసే అలవాటు పట్టణాలలోనే గాక పల్లెలలో సైతం ప్రబలినది. మా నానీ కాలంలో చీరె చిరిగితే పిల్లల లంగా అయ్యేది. లంగా చిరిగితే బొంతలోనికి పోయేది. బొంత కూడా చివికిన తరువాతనే అది మసిగుడ్డ అనిపించుకొనేది. ఈ పొదుపునకే నేడు "సస్టైనబుల్ ఫ్యాషన్" అని పేరు వచ్చినది. పేరు కొత్తదే గాని పని పాతది. ఆ పనిని స్త్రీలు జీవనోపాధిగా మలచుకొనునపుడు చిక్కు ఎక్కడ వచ్చునో చెప్పుటయే ఈ వ్యాసోద్దేశం.

అహమ్మదాబాదు ఒకప్పుడు బట్టల మిల్లులకు పేరుపొందిన నగరం. మిల్లులలో మిగిలిన గుడ్డముక్కలను అక్కడ "చింది" అంటారు. దరియాపూరు ప్రాంతపు స్త్రీలు, వారిలో అధికసంఖ్యాకులు ముస్లింలు, ఈ చిందిని అతికి బొంతలకు గలీబులు కుట్టేవారు. వర్తకుడు ముక్కలను మూటగట్టి ఇచ్చేవాడు. ఆమె ఇంటిలో మిషనుపై కుట్టి తిరిగి అప్పగించేది. గలీబుకు ఇంత అని కూలి. ముక్కలు ఏ ధరకు వచ్చినవో, గలీబు ఏ ధరకు అమ్ముడుపోయినదో ఆమెకు తెలియదు, తెలియనిచ్చేవారును లేరు.

ఇలా భట్ 1972లో స్థాపించిన "సేవా" అను స్త్రీ శ్రామిక సంఘం 1970ల చివరి భాగంలో వీరిని కూడగట్టి, కూలి పెంచుమని వర్తకులను అడిగినది. అడిగిన స్త్రీలకు పని ఇచ్చుట మానివేశారు. ఇటువంటిచోట ఉద్యమాలు చాలవరకు చల్లారిపోతాయి. వీరు మాత్రం "సబీనా" అను సహకార సంఘం ఏర్పరచుకొని, మిల్లుల నుండి చిందిని తామే కొని, కుట్టి, తామే అమ్మసాగారు. అంతకుముందే, 1974లో, నాలుగువేల మంది పేద స్త్రీలు తలా 10 రూపాయల వాటాధనంతో సేవా బ్యాంకును నెలకొల్పుకొనియున్నారు. తరువాత 1980లలో మిల్లులు ఒకదాని వెంట ఒకటి మూతపడినవి. ముడిసరకు కొరకు ఒకే చోటుపై ఆధారపడుటలోని అపాయం దీనివలన తేటపడుచున్నది.

ఇక మన నరసాపురం సంగతి. అక్కడి లేసు అల్లికలు విదేశాలలో అమ్ముడుపోయినవి. జర్మన్ సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ అక్కడి స్త్రీల స్థితిని పరిశీలించి 1982లో గ్రంథం ప్రకటించినది. ఒకతె పువ్వులు అల్లుతుంది. దానిని చేతిపని అంటారు. మరొకతె వాటిని కలుపుతుంది, అది అతుకుపని. ఘోషాలో ఉండే ఇల్లాండ్రు కనుక ఇది తీరిక వేళ కాలక్షేపమని లోకం భావించినది. వాస్తవంలో రోజుకు అనేక గంటలు అల్లినను వారికి దక్కినది పొలం కూలీ కంటె తక్కువ. ఎగుమతి పురుషుల చేతిలోనే ఉండినది. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. సంతోషమే. గుర్తింపు వేరు, కూలి వేరు.

కావున కుట్టు నేర్చుట ఒక్కటే చాలదు. మన బాలికలలో చాలమందికి కుట్టు వచ్చును. లెక్క కూడ రావలెను. మాటవరుసకు ఒక గలీబును తీసుకొందము (అంకెలు నేను కల్పించినవే). పీలికలకు 40 రూపాయలు, దారానికి 10, విద్యుత్తు, మిషను అరుగుదల కలిసి 10, మొత్తం 60. కుట్టుటకు ఐదు గంటలు పట్టినది. ఎవరైనా 120 ఇచ్చినచో "సగానికి సగం లాభం" అని మురిసిపోతాము. కాని మిగిలిన 60 లాభం కాదు, ఐదు గంటల కూలి. గంటకు 12 రూపాయలు! గంటకు 50 చొప్పున తన కూలిని వేసికొన్నచో గలీబు ఖరీదు 310 కావలెను. ఆ ధరకు కొనువారు లేకున్న, పని వేగం పెంచవలెను, లేదా అంతకు అమ్ముడుపోయే వస్తువునే కుట్టవలెను. తన గంటలను లెక్కలో చేర్చని స్త్రీ ఎంత అమ్మినను నష్టంలోనే ఉంటుంది, ఆ సంగతి ఆమెకే తెలియదు.

పీలికలను ఏరుటలో కూడ నేర్పు కావలెను. ఒక పోగును వెలిగించి చూచినచో నూలు కాగితంవలె కాలి బూడిద రాలును. పాలిస్టరు కరిగి పూసవలె గట్టిపడును. ఈ రెంటిని కలిపి కుట్టరాదు. ఉతికినపుడు నూలు ముడుచుకొనును, పాలిస్టరు ముడుచుకొనదు. గలీబు గుంజుకొని ముడతలు పడును. నూలు ముక్కలను కుట్టుటకు ముందే ఉతికి ఆరవేయవలెను. ఎరుపు, నీలి ముక్కలను తెల్లగుడ్డతో కలిపి తడిపి, రంగు దిగునేమో చూడవలెను. ఇంత శ్రద్ధ లేని సరకు ఒక్కసారి అమ్ముడుపోవును, రెండవసారి కాదు.

మన కళాశాల వీధిలోని దర్జీ దుకాణాలవారు సాయంత్రం ఊడ్చివేసే పీలికలను వారానికొకసారి తెచ్చుకొనుటకు అభ్యంతరం ఉండదని తలుస్తాను. కళాశాల సంఘంవారు ఒక గది, రెండు మిషన్లు, ఒక బీరువా సమకూర్చినచో, పన్నెండుమంది విద్యార్థినులతో ఈ సంవత్సరమే పని ప్రారంభింపవచ్చును. జమాఖర్చుల పుస్తకం విద్యార్థినుల చేతిలోనే ఉండవలెను. వారిలో ప్రతి ఒక్కతెయు వంతులవారీగా దానిని వ్రాయవలెను. కొనుగోలుకు, అమ్మకానికి కూడ వారే వెళ్ళవలెను. కొందరు తల్లిదండ్రులు బజారుకు పంపుటకు సందేహింతురని ఎరుగుదును. అట్టివారి ఇండ్లకు వెళ్ళి మాటలాడుటకు నేను సిద్ధముగా ఉన్నాను.