‘నైస్’ వెనక ఒక తిట్టు

ఇంగ్లిష్‌లో 1300 ప్రాంతంలో ఎవరినైనా ‘నైస్’ అంటే అది మెచ్చుకోలు కాదు, తిట్టు. బుద్ధిలేనివాడు, ఏమీ తెలియనివాడు అని అర్థం. ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చిన ఈ విశేషణానికి మూలం లాటిన్ ‘నెస్కియుస్’. అందులో ‘నె’ అంటే కాదు, ‘స్కీరె’ అంటే తెలియడం. సైన్స్ అనే మాట పుట్టిందీ ఈ ‘స్కీరె’లోంచే.

అజ్ఞాని కాస్తా ‘బాగుంది’ అయిపోవడం నమ్మేలా లేదని, ఇదంతా పండితుల అల్లిక అని ఎవరికైనా అనిపించవచ్చు. కానీ మాట ఒక్క గెంతులో మారలేదు. తెలివితక్కువతనం తర్వాత ప్రతిదానికీ వంకలు పెట్టే గుణానికి పేరైంది. అలా వంకలు పెట్టేవాడికి చిన్న తేడా కూడా కనిపిస్తుంది కాబట్టి 16వ శతాబ్దానికి సూక్ష్మం, కచ్చితం అనే అర్థాలు వచ్చాయి. ‘నైస్ డిస్టింక్షన్’ అన్నప్పుడు నేటికీ ఉన్నది ఆ అర్థమే. ‘బాగుంది’ 18వ శతాబ్దపు సంగతి. ఆ వాడుక ఎంత ముదిరిందంటే, 1817 చివర్లో వెలువడిన ‘నార్తాంగర్ ఆబీ’ నవలలో జేన్ ఆస్టెన్ తన కథానాయకుడి చేత దాన్ని వెటకారం చేయించింది. మన దగ్గర మాత్రం జరగలేదా? ఛందస్సు అంటే వేదం, అది చదివినవాడు ఛాందసుడు. ఇప్పుడా మాట ఎవరినైనా అని చూడండి!

అసలు అర్థాల పోలిక నమ్మదగ్గ సాక్ష్యమే కాదు. ఇంగ్లిష్ ‘డే’, లాటిన్ ‘దియెస్’ రెండూ పగలే, పలుకూ దగ్గరే. అయినా వాటికి చుట్టరికం లేదు. ద్వి, దశ, దంతం అనే సంస్కృత పదాలలాగే లాటిన్‌లోనూ ‘ద’తో మొదలయ్యేవి ఇంగ్లిష్‌లో ‘టూ, టెన్, టూత్’ అవుతాయి. ఆ లెక్కన ‘దియెస్’కు తోబుట్టువు ఇంగ్లిష్‌లో ‘ట’తో మొదలు కావాలి. ఈ కొలతతోనే ‘స్కీరె’ను సంస్కృత ‘ఛిద్’ ధాతువు పక్కన పెడతారు. గ్రీకు ‘స్కియా’ సంస్కృతంలో ‘ఛాయ’ అయినట్టే, ఇక్కడా ‘స్క’కు బదులు ‘ఛ’ పలుకుతోంది. కోసి వేరుచేయడమే తేడా పోల్చడమై, చివరికి తెలియడమైంది.

అంటే మనం రోజూ వాడే ‘ఛేదించు’ నైస్‌కు దూరపు చుట్టమే. అయితే అది సంస్కృతం ద్వారా కలిసిన చుట్టరికం. తెలుగు ద్రావిడ భాష కనుక మన సొంత ‘కోయు’కు ఆ వంశంతో పనిలేదు, ఇంగ్లిష్ ‘కట్’తో మొదటి హల్లు కలిసినా సరే.