కంప్యూటర్‌కు అలిఫ్ బే నేర్పడం: ‘ఆరెంజ్’ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ గురించి



మీ విరాళాలతో కొన్న కంప్యూటర్ల మీద మన పిల్లలు ఏం నేర్చుకుంటున్నారని అడిగే హక్కు మీకు ఉంది. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు చాలా చోట్ల దీనికి ఒకటే జవాబు వస్తుంది: టైపింగ్, ఎంఎస్ ఆఫీస్, ట్యాలీ. ఇవి పనికొచ్చే చదువులే, కాదనను. అయితే ఇప్పుడు అందరి నోటా వినిపించే కృత్రిమ మేధ, అంటే ఏఐ, లోపల ఏముందో కూడా అదే గదిలో, అవే కంప్యూటర్ల మీద చూపించవచ్చు. దానికి లైసెన్సు ఫీజు ఒక్క రూపాయి కూడా అక్కర్లేదు. పిల్లలకు ప్రోగ్రామింగ్ రావాలని కూడా లేదు.

ఆ పని చేసే సాఫ్ట్‌వేర్లలో ఒకదాని పేరు ఆరెంజ్. దీన్ని యూరప్‌లోని స్లొవేనియా అనే చిన్న దేశంలో, లుబ్లియానా విశ్వవిద్యాలయం వాళ్లు 1990లలో మొదలుపెట్టి ఇప్పటికీ పెంచుతున్నారు. తెర మీద ఖాళీ కాగితంలాంటి స్థలం ఉంటుంది. ఒక్కో పనికి ఒక్కో గుండ్రటి బొమ్మ ఉంటుంది: ఫొటోలు తెచ్చేది ఒకటి, వాటిని అంకెలుగా మార్చేది ఒకటి, నేర్చుకునేది ఒకటి, పరీక్ష పెట్టేది ఒకటి. మౌస్‌తో ఒకదాని నుంచి మరొకదానికి గీత లాగితే సమాచారం ఆ గీత వెంట పోతుంది. బోరు నుంచి ట్యాంకుకు, ట్యాంకు నుంచి నల్లాకు పైపు వేసినట్టే.

ఇందులో ‘న్యూరల్ నెట్‌వర్క్’ అనే బొమ్మ మెదడును చూసి తయారుచేసిన పద్ధతి. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉంటాయి. ఒక్కో కణం పక్క కణాల నుంచి సంకేతాలు అందుకుని, అవి ఒక హద్దు దాటితే తానూ సంకేతం పంపుతుంది. దీన్ని లెక్కల రూపంలో రాయవచ్చని 1943లో అమెరికాలో మెక్‌కలక్, పిట్స్ చూపించారు. తప్పుల నుంచి నేర్చుకునే కణాన్ని 1958లో రోజెన్‌బ్లాట్ ప్రతిపాదించాడు. మెదడును పోలినదనే మాటను మాత్రం కొంచెం తగ్గించి వినాలి. గాలిపటం పక్షిని ఎంత పోలి ఉంటుందో ఇదీ అంతే.

మన ఇళ్లలో అందరికీ తెలిసిన ఉదాహరణ తీసుకుందాం. ఉర్దూలో బే, పే, తే, సే అక్షరాలు నాలుగూ ఒకే పడవ ఆకారం. తేడా అంతా చుక్కల్లోనే ఉంది. బేకి కింద ఒకటి, పేకి కింద మూడు, తేకి పైన రెండు, సేకి పైన మూడు. చుక్కలు పైన ఉన్నాయా, కింద ఉన్నాయా అన్నది ఒక కృత్రిమ కణంతో తేల్చాలనుకుందాం. పై చుక్కకు 1, కింది చుక్కకు మైనస్ 1 అని విలువ ఇచ్చి కూడితే బేకి మైనస్ 1, పేకి మైనస్ 3, తేకి 2, సేకి 3 వస్తాయి. సున్నా కన్నా ఎక్కువైతే పైన, తక్కువైతే కింద. కణం చేసే పని ఇంతే.

కానీ ఆ విలువలు ఎవరూ చెప్పరు, కణమే నేర్చుకోవాలి. మొదట రెండింటికీ 1 అనే విలువ ఉందనుకోండి. బే చూపిస్తే మొత్తం 1 వస్తుంది, పైన అంటుంది. తప్పు. కింది చుక్క విలువను కొంచెం తగ్గిస్తాం. మళ్లీ చూపిస్తాం, మళ్లీ తగ్గిస్తాం. అది సున్నా దిగి మైనస్‌లోకి వెళ్లాక జవాబు సరిపోతుంది. మక్తబ్‌లో ఉస్తాద్ గారు పిల్లవాడికి ఒకే పాఠం ఎన్నిసార్లు దిద్దిస్తారో గుర్తు చేసుకోండి.

ఇక్కడే చిక్కు వస్తుంది. ‘టే’ అక్షరం చూపిస్తే? దాని మీద చుక్కలు లేవు, చిన్న తోయ్ గుర్తు ఉంటుంది. మన కణానికి అది సున్నా కిందే లెక్క. ఏం చూడాలో మనం ముందే చుక్కలని చెప్పేశాం కాబట్టి, చుక్క కానిది దానికి కనిపించదు. అందుకే ఇప్పటి పద్ధతిలో చుక్కల లెక్క ఇవ్వరు, ఫొటోనే ఇస్తారు. మధ్యలో కణాల వరుసలు పెడతారు. చివర జరిగిన తప్పును వెనక్కు పంచుతూ ప్రతి వరుసలోని విలువలను దిద్దుతారు. ఈ దిద్దుబాటు పద్ధతికి 1986లో రూమెల్‌హార్ట్, హింటన్, విలియమ్స్ రాసిన వ్యాసంతో పేరొచ్చింది. అదే హింటన్‌కు 2024లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం దక్కింది.

ఈ విద్య మనకు కొత్తేమీ కాదు. ఐఐటీ మద్రాసులోనూ తర్వాత హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోనూ పనిచేసిన ప్రొఫెసర్ యజ్ఞనారాయణ కృత్రిమ నాడీజాలాల మీద 1999లోనే పాఠ్యపుస్తకం రాశారు. ఏఐలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు బాసర ట్రిపుల్ ఐటీ భాగంగా ఉన్న ఆర్‌జీయూకేటీకి ఛాన్సలర్‌గా పనిచేశారు. బాసర అప్పుడు ఆదిలాబాద్ జిల్లా, ఇప్పుడు నిర్మల్ జిల్లా.

ఆరెంజ్‌లో ఈ పాఠం ఇలా సాగుతుంది. పిల్లలు అక్షరాలను చేత్తో కాగితం మీద రాసి ఫోన్‌తో ఫొటోలు తీస్తారు. బే ఫొటోలు ఒక ఫోల్డర్‌లో, పే ఫొటోలు ఇంకోదాంట్లో పెడతారు. ఫోల్డర్ పేరునే సాఫ్ట్‌వేర్ జవాబుగా తీసుకుంటుంది. ‘ఇమేజ్ ఎంబెడింగ్’ బొమ్మ ఒక్కో ఫొటోను అంకెల వరుసగా మారుస్తుంది. ఆ అంకెలను న్యూరల్ నెట్‌వర్క్‌కు కలిపితే నేర్చుకోవడం మొదలవుతుంది. ఎక్కువ పనిచేసిపెట్టేది అంతకుముందే లక్షల ఫొటోలు చూసి సిద్ధమైన నెట్‌వర్క్ కాబట్టి పాత కంప్యూటర్ కూడా చాలా వరకు నెట్టుకొస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం టీచర్లు మరవకూడదు. ఇక్కడ ‘స్క్వీజ్‌నెట్’ ఎంచుకుంటే ఫొటోలు మన కంప్యూటర్‌లోనే ఉంటాయి, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. మిగతావి ఎంచుకుంటే ఫొటోలు బయటి సర్వర్‌కు వెళ్తాయి. పిల్లల ముఖాల ఫొటోలు ఈ పాఠానికి వాడవద్దు.

నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది చివరి బొమ్మ, ‘కన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్’. ఏ అక్షరాన్ని ఏ అక్షరంగా పొరబడిందో గళ్లలో చూపిస్తుంది. గడి మీద నొక్కి ఆ ఫొటోలనే తెరిచి చూడవచ్చు. ఒకే పిల్లవాడి చేతిరాతతో నేర్పితే వేరే పిల్లల రాత దగ్గర అది తడబడటం కళ్ల ముందే కనిపిస్తుంది. కంప్యూటర్ చెప్పిందంటే నిజమే అయి ఉంటుందనే భ్రమ అక్కడ వదులుతుంది.

ఆ భ్రమ ఖరీదు మన రాష్ట్రంలో పేదలు కట్టారు. ప్రభుత్వ శాఖల దగ్గరున్న వివరాలను కలిపి, పేర్లు, చిరునామాలు పోల్చి ఎవరు ఎవరో తేల్చే ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థను తెలంగాణ ప్రభుత్వం రేషన్ కార్డుల ఏరివేతకు వాడింది. రిక్షా తొక్కిన మనిషిని, పేరు దగ్గరగా ఉన్నందుకు, కారు యజమానిగా లెక్కగట్టి కుటుంబానికి బియ్యం ఆపిన ఉదంతం పత్రికల్లో వచ్చింది. 2016 నుంచి తీసేసిన సుమారు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. సయ్యద్, షేక్, ముహమ్మద్ అనే పేర్లు వీధికి ఎన్ని ఉంటాయో మీకు తెలుసు. ఒకే పేరును ఒక ఆఫీసులో ఒకలా, ఇంకో ఆఫీసులో ఇంకోలా రాస్తారు. అది న్యూరల్ నెట్‌వర్క్ అయినా మరో పద్ధతి అయినా బేని పేగా చదివే యంత్రం చేసే పొరపాటు ఇదే. బీడీలు చుట్టే ఇంట్లో కార్డు పోతే, ‘నా పేరు దేనితో కలిపారో చూపించండి’ అని మండల ఆఫీసులో అడగగల పిల్ల ఆ ఇంట్లో ఒకతె ఉండాలి.

ఉచితం అన్న మాట గురించి కూడా చెప్పాలి. ఆరెంజ్ జీపీఎల్ అనే లైసెన్సు కింద ఉంది. ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు. మార్చినదాన్ని ఇతరులకు ఇచ్చేవాళ్లు మాత్రం లోపలి కోడ్‌ను దాచకుండా అదే షరతుల మీద ఇవ్వాలి. మదీనాలో రూమా బావిని హజ్రత్ ఉస్మాన్ (రజి) కొని అందరికీ వదిలిన సంగతి మనకు తెలిసిందే. ఆ బావి నీళ్లను మళ్లీ ఎవరూ అమ్ముకోకుండా పెట్టిన కట్టడిలాంటిదే ఈ షరతు. ఇది ఫత్వా కాదు, అర్థం కావడానికి చెప్పిన పోలిక. ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌నే చూపించి ‘ఏఐ కోర్సు’ పేరుతో వేలకు వేలు వసూలు చేసే సెంటర్లు పట్నంలో ఉన్నాయి. ఫీజు కట్టేముందు సాఫ్ట్‌వేర్ పేరు అడగండి.

కాబట్టి దాతల సొమ్ము సాఫ్ట్‌వేర్‌కు అవసరం లేదు. కావలసినవి వేరే. కరెంటు పోయినా ఆగకుండా ఒక ఇన్వర్టర్. ఉర్దూ, తెలుగు రెండింట్లో చెప్పగల టీచర్‌కు నెలనెలా జీతం. ఇది ఒక ఏడాది ఇచ్చి ఆపితే పని సాగదు. ఇంకొకటి, ఇంటర్ చదివే ఆడపిల్లలు క్లాసు అయ్యాక మగ్రిబ్ లోపల ఇల్లు చేరడానికి ఆటో కిరాయి.